బండి వచ్చేలోపు లైన్లో ఉండే మనిషి

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఆడియో తిరిగింది. కింద పార్కింగ్‌లో ఒక పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలిపోతే, ఆయన కొడుకు అంబులెన్స్ కోసం ఎమర్జెన్సీ నంబరుకు చేసిన కాల్ అది. "మా నాన్న పడిపోయిండు మేడమ్, జల్ది బండి పంపండి" అని అబ్బాయి అరుస్తుంటాడు. అవతల అమ్మాయి నింపాదిగా "పేషెంట్‌కి స్పృహ ఉందా సార్? ఊపిరి తీసుకుంటున్నారా?" అని అడుగుతుంది. "ముందు బండి పంపండి, తర్వాత అడుగుదురు" అంటాడు ఇతను. ఆమె మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో.

గ్రూపులో ఇక చూడాలి. ప్రాణం పోతుంటే ఇంటర్వ్యూ చేస్తోందని ఒకరు, ఇలాంటివాళ్లను ఉద్యోగంలోంచి తీసేయాలని ఇంకొకరు. ఏ నంబరో, ఏ సంస్థో ఇక్కడ రాయను. ఇది ఒక్క సంస్థ సంగతి కాదు, ఆ అమ్మాయిని బయటపెట్టడం నా ఉద్దేశమూ కాదు.

నేను మాదాపూర్‌లో ఒక బీపీఓలో చాలా ఏళ్లు కాల్ క్వాలిటీ పని చేశాను. అంటే ఇతరులు మాట్లాడిన కాల్స్ విని, ఎక్కడ బాగా మాట్లాడారో, ఎక్కడ జారారో చూసి మార్కులు వేసే పని. ఆ అలవాటుతోనే ఈ ఆడియోను మళ్లీ మళ్లీ విన్నాను. ఆ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవే. అడగాల్సినవే అడిగింది. కానీ ఆ కాల్ బాగా జరిగిందని మాత్రం అనలేను. రెండు చోట్ల గట్టి లోటు కనిపించింది. ఒకటి, "బండి బయల్దేరుతోంది, మీరు లైన్లోనే ఉండండి, ఈలోగా మీకు సాయం చేయడానికే అడుగుతున్నాను" అన్న మాట ఆమె అనలేదు. రెండోది ఇంకా పెద్దది. అబ్బాయి ఒకచోట "గురక పెడుతున్నడు మేడమ్" అంటాడు. ఆమె "ఓకే సార్, ఊపిరి ఉంది" అని అడ్రసు దగ్గరికి వెళ్లిపోతుంది.

ఆ పెద్దాయన బతికారు. రెండో అంతస్తులో అద్దెకుండే నర్సు ఒకావిడ అరుపులు విని పరుగెత్తుకొచ్చి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడాయన ఇంటికొచ్చేశారు, సాయంత్రం పూట మెల్లగా నడుస్తున్నారు. ఆయన బతికారు కాబట్టి గ్రూపులో కోపం కూడా చల్లారింది, ఆడియో మెయింటెనెన్స్ బిల్లుల మెసేజ్‌ల కింద ఎక్కడికో పోయింది. నాకు మాత్రం అది వదలడం లేదు. ఆ నర్సు ఆ రోజు డ్యూటీలో ఉండుంటే ఏమయ్యేదన్న ఆలోచనే ఈ పోస్టు రాయిస్తోంది.

గురక ఎందుకంత ముఖ్యం

గుండె ఆగిపోయిన మనిషికి ఊపిరి కూడా ఆ క్షణమే ఆగిపోతుందని మనం అనుకుంటాం. చాలామంది విషయంలో అలా జరగదు. కొన్ని నిమిషాల పాటు నోరు తెరిచి, ఆగి ఆగి, గుర్రుమనే శబ్దంతో గాలి లాగుతారు. మన పెద్దవాళ్లు ఎగశ్వాస అనేది దాదాపు ఇదే. గుండె ఆగిన కేసుల్లో సుమారు 40 శాతం మందిలో ఇది కనిపిస్తుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. చూసేవాళ్లకు అది ఊపిరిలాగే ఉంటుంది. ఫోన్లో చెప్పేటప్పుడు "గురక పెడుతున్నడు", "ఎక్కిళ్లు వస్తున్నయ్", పాతబస్తీ నుంచి అయితే "ఖర్రాటే లే రహే" అంటారు. అబద్ధం ఎవరూ చెప్పరు, కనిపించింది చెబుతారు. ఆ మాట వినగానే అవతలి మనిషికి చెవులు నిక్కబొడుచుకోవాలి.

అందుకే పద్ధతిగా శిక్షణ ఇచ్చే చోట్ల "ఊపిరి తీసుకుంటున్నారా" అన్న ప్రశ్నతో ఆపరు. "మామూలుగా తీసుకుంటున్నారా" అని అడగమంటారు. అనుమానం ఉంటే, "ఆయన ఛాతీ వైపు చూడండి, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ నాతో 'ఇప్పుడు' అనండి" అని చెప్పమంటారు. రెండు 'ఇప్పుడు'ల మధ్య ఎడం ఎక్కువైతే విషయం తెలిసిపోతుంది. స్పృహ లేదు, ఊపిరి మామూలుగా లేదు: ఈ రెండూ తేలితే చాలు, గుండె ఆగిందనే అనుకుని ఛాతీ నొక్కించడం మొదలుపెట్టాలి. ఒకవేళ గుండె ఆగకపోయి ఉంటే? ఆగని గుండె మీద నొక్కడం వల్ల పెద్ద హాని జరగడం అరుదు. ఆగిన గుండె మీద నొక్కకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుంది.

ఫోన్లో సీపీఆర్, అంటే ఈ ఛాతీ నొక్కడం, చేయించడానికి అదే అసోసియేషన్ గడువు కూడా పెట్టింది. కాల్ వచ్చిన 90 సెకన్లలోపు గుండె ఆగిందని గుర్తించాలి, 150 సెకన్లలోపు మొదటి నొక్కు పడాలి. 150 సెకన్లంటే రెండున్నర నిమిషాలు. మా గ్రూపులో తిరిగిన ఆడియో మొత్తం నిడివి దాదాపు అంతే. అందులో నొక్కమన్న మాట ఎక్కడా లేదు.

సాయంత్రం ఆరింటికి మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఏ బండీ మూడు నిమిషాల్లో రాలేదు. పైలట్ (బండి నడిపే డ్రైవర్) ఎంత మంచివాడైనా, ఈఎంటీ (బండిలో వచ్చే అత్యవసర చికిత్స సిబ్బంది) ఎంత చురుకైనవాడైనా రాలేరు. ఆ మూడు నిమిషాల్లో రోగి దగ్గరికి చేరగలిగేది ఒక్క గొంతే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలన్న సంగతి ఆ కొడుక్కి తెలిసే అవకాశం లేదు. అవతలి మనిషి "నాతో పాటు లెక్కపెట్టండి, ఒకటి, రెండు, మూడు" అంటే చేయగలడు. కాబట్టి ఫోన్ ఎత్తే మనిషిని నేను మొదటి వైద్య సిబ్బందిగానే లెక్కేస్తాను. ఆమెకు చట్టం నిర్ణయించిన కనీస శిక్షణ, పరీక్ష, ప్రతి రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ పరీక్ష ఉండాలి. అవి జనానికి తెలిసేలా ఉండాలి. ఈ పోస్టులో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మనం దేని గురించి మాట్లాడుకున్నాం

2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవ ఇక్కడే, హైదరాబాద్‌లోనే మొదలైంది. దేశం చూసి నేర్చుకున్న సేవ అది. ఆ గర్వం నాకూ ఉంది. బండి మీద రంగు, సైరన్, పైలట్, ఈఎంటీ: ఇవన్నీ మన కళ్లకు తెలుసు. 2019 ఫిబ్రవరిలో అన్ని అత్యవసరాలకూ ఒకే నంబరుగా 112 వచ్చింది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచినప్పుడు టవర్ల ఎత్తు గురించి, గోడంత స్క్రీన్ల గురించి ఎన్ని ఫొటోలు చూశామో. ఈఎంటీల వృత్తికి 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో చోటు దొరికింది, మంచిదే. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే మనిషికి ఎన్ని గంటలు నేర్పించాలన్న మాట మాత్రం మన చర్చల్లోకి రాలేదు.

ఇది మన దగ్గరే ఉన్న నిర్లక్ష్యం అనుకోవద్దు. అమెరికాలో 1970ల చివర్లో సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టర్, కాల్ తీసుకునేవాళ్ల కోసం ప్రశ్నలు, సూచనలు రాసిన కార్డులు తయారుచేశాడు. ఇప్పుడు చాలా దేశాల్లో కంప్యూటర్ తెర మీద కనిపించే ప్రశ్నల వరసకు మూలం అవే. ఇంత చరిత్ర ఉన్న ఆ దేశంలో కూడా అన్ని రాష్ట్రాలకూ వర్తించే ఒకే శిక్షణ నియమం లేదు. ప్రభుత్వ వృత్తుల జాబితాలో ఈ ఉద్యోగులు ఆఫీసు గుమాస్తాల వర్గంలో ఉన్నారు. పోలీసు, ఫైర్ సిబ్బంది ఉన్న వర్గంలో తమను చేర్చమని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు.

ఫ్లోరిడా కథ మాత్రం ప్రతి ప్రభుత్వ అధికారీ చదవాలి. 2008 జనవరి 17న నార్త్ పోర్ట్ అనే ఊళ్లో డెనీస్ ఆంబర్ లీ అనే 21 ఏళ్ల తల్లిని ఇంట్లోంచి ఎత్తుకెళ్లారు. ఆమె, ఎత్తుకెళ్లినవాడి ఫోన్‌తోనే, వాడికి తెలియకుండా అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911కి కాల్ చేయగలిగింది. ఆ సాయంత్రం రోడ్డు మీద పక్క కారులోంచి అరుపులు విన్న ఒక మహిళ కూడా 911కి చేసింది. ఎటు వెళ్తోందో, ఏ వీధి దాటుతోందో లైన్లోనే చెబుతూ వచ్చింది. ఆ కాల్ పక్క కౌంటీ (మన జిల్లా లాంటిది) సెంటర్లో పడింది. అక్కడ తీసుకున్న మనిషి ఆ వివరాలను కంప్యూటర్లో ఎక్కించకుండా గదిలో ఉన్న సహోద్యోగులకు నోటితో అరిచి చెప్పింది. దగ్గర్లో పోలీసు కార్లు ఉన్నా ఒక్కటీ కదల్లేదు. డెనీస్ శవం రెండు రోజుల తర్వాత దొరికింది. ఆమె భర్త, కుటుంబం ఊరుకోలేదు. పట్టుబట్టి తిరిగారు. ఈ రోజు ఫ్లోరిడాలో 911 కాల్ తీసుకోవాలంటే 232 గంటల శిక్షణ పూర్తిచేసి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఇది చదివినప్పుడు హైదరాబాద్ మనిషికి ఏది గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ వెటర్నరీ డాక్టర్‌పై జరిగిన అత్యాచారం, హత్య. కూతురు ఇంటికి రాలేదని వెళ్తే, మా పరిధి కాదంటూ స్టేషన్ల మధ్య తిప్పారని ఆ కుటుంబం చెప్పింది. ఎఫ్ఐఆర్ ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ రోజుల్లో "చెల్లెలికి చేసే బదులు 100కి చేసి ఉండాల్సింది" అన్న మాట పెద్ద స్థాయి నుంచే వచ్చింది. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. కష్టంలో ఉన్న మనిషి మొదట ఎవరు తన మాట నమ్ముతారో వాళ్లకు ఫోన్ చేస్తుంది. మనందరం అంతే. ఇంట్లో ఎవరికైనా ఛాతీ నొప్పి వస్తే ముందు బావమరిదికి చేస్తాం, తర్వాత తెలిసిన డాక్టర్‌కి, ఆ తర్వాతే నంబరుకి. నంబరు మీద నమ్మకం రావాలంటే, ఎత్తిన మనిషి మొదటి పది సెకన్లలో ఎలా మాట్లాడుతుందన్నది ముఖ్యం. ఆ పది సెకన్లు నేర్పితేనే వస్తాయి.

పిల్లర్ నంబరు చెప్పండి

టెక్నాలజీ వచ్చాక మనిషి శిక్షణ ఎందుకని మా తమ్ముడు వాదించాడు. పవర్ బటన్ మూడుసార్లు నొక్కితే 112కి వెళ్తుంది, ఫోన్ ఎక్కడుందో తెర మీద కనిపిస్తుంది, ఇంకేం కావాలన్నాడు. లొకేషన్ వచ్చాక చాలా మేలు జరిగింది, కాదనను. కానీ లొకేషన్ మ్యాప్ మీద ఒక చుట్టు గీస్తుంది. ఆ చుట్టులో నాలుగు అపార్ట్‌మెంట్లు, ఒక్కోదానికి ఐదంతస్తులు. ఈ నగరంలో వెంకటేశ్వర కాలనీలు, సాయినగర్‌లు, గాంధీనగర్‌లు ఎన్నున్నాయో ఏ డెలివరీ అబ్బాయిని అడిగినా చెబుతాడు. 8-3 అని మొదలయ్యే ఇంటి నంబరు వెతుక్కుంటూ వెళ్తే పక్కిల్లు ఎక్కడో ఉంటుంది.

మన జనం దీనికి తమదైన దారి కనిపెట్టుకున్నారు. అత్తాపూర్ వైపు ఎవరిని అడిగినా ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబుతారు. మెట్రో కింద ఉన్నవాళ్లు మెట్రో పిల్లర్ నంబరు చెబుతారు. మిగతా ఊరంతా మసీదు సందు, ఎల్లమ్మ గుడి వెనక, కల్లు కాంపౌండ్ ఎదురుగా. బాగా తర్ఫీదైన మనిషి "పూర్తి అడ్రస్ చెప్పండి సార్" అని అడగదు. "మీకు కనిపించే పెద్ద బోర్డు మీద ఏముంది? దగ్గర్లో పిల్లర్ ఉందా? ఒకరిని గేటు దగ్గర నిలబెట్టండి, లిఫ్ట్ కిందికి తెప్పించి ఆపి ఉంచండి" అంటుంది. మా ఆడియోలో పిన్‌కోడ్ అడిగారు. తండ్రి నేల మీద పడి ఉన్న కొడుక్కి పిన్‌కోడ్ గుర్తుంటుందా? ఇది ఆ అమ్మాయి తెలివికి సంబంధించింది కాదు. ఆమె ముందున్న ఫారంలో ఆ గడి ఉంది, దాన్ని వదిలేసి ముందుకు పోవచ్చని ఎవరూ చెప్పలేదు.

నా భయాలు

ఇంత గట్టిగా వాదిస్తున్నా నాకు కొన్ని అనుమానాలున్నాయి.

మొదటిది, ప్రమాణాలు అనగానే మన దగ్గర అవి కొలతలుగా మారిపోతాయి. బీపీఓలో నేను చూసిందే. కాల్ ఎంత తొందరగా ముగిస్తే అంత మంచి ఏజెంట్. ఏడుస్తున్న కస్టమర్‌కి "మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అని స్క్రిప్టులోంచి చదివితే మార్కులు పడేవి, చదవకుండా నాలుగు మంచి మాటలు చెబితే పోయేవి. అదే మనస్తత్వం ఎమర్జెన్సీ సెంటర్లోకి వస్తే ప్రాణాలే పోతాయి. గుండె ఆగిన కేసులో మంచి కాల్ అంటే బండి గేటు దగ్గరికి వచ్చేదాకా కొనసాగే కాల్. ఫోన్ ఎంత త్వరగా ఎత్తారన్నది కొలవాల్సిందే. అమెరికాలో 911 సెంటర్లకు 90 శాతం కాల్స్ 15 సెకన్లలో ఎత్తాలన్న ప్రమాణం ఉంది. కానీ ఎత్తాక ఎంతసేపు మాట్లాడారన్న దానికి పరిమితి పెట్టిన రోజున, పని తెలిసినవాళ్లు కూడా తప్పు చేస్తారు.

స్క్రిప్టు మనిషిని మరబొమ్మను చేస్తుందన్న వాదన కూడా ఇక్కడే వస్తుంది. అందులో సగం నిజముంది. కానీ అరుస్తున్న మనిషి, వెనక ఏడుపులు, చెవిలో హారన్ల మోత: ఆ టెన్షన్లో ఏం అడగాలో గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ప్రశ్నల వరస ఆమెకు అండ. ఆ ప్రశ్నను ఏ గొంతుతో, ఏ మాటతో కలిపి అడగాలన్నది మాత్రం పక్కన కూర్చుని, పాత కాల్స్ వినిపించి, తప్పులు చూపించి నేర్పాల్సిందే. తెలుగులో ఒకలా, దక్కనీలో ఒకలా. ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీ సైటు మీంచి చేస్తే ఇంకోలా. ఇంగ్లీషు నుంచి దించిన స్క్రిప్టుతో ఈ పని జరగదు.

రెండో భయం ఆ ఉద్యోగుల గురించి. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఇలాంటి సెంటర్లో కొంతకాలం నైట్ షిఫ్టులు చేసింది. ఉరేసుకున్న భర్తను కిందికి దించుతున్న ఒక ఆవిడతో మాట్లాడాల్సి వచ్చిందట. బండి చేరింది, లైన్ కట్టయింది, వెంటనే ఇంకో కాల్. ఎవరో కుర్రాళ్లు సరదాకి చేసి నవ్వుతున్నారు. "వాళ్లని తిట్టే ఓపిక కూడా లేదక్కా, ఆయన బతికిండా లేదా అని ఇప్పటికీ తెలీదు" అంది. చెప్పేటప్పుడు ఆమె చేతులు చూశాను, దుపట్టా అంచు మెలిపెడుతూనే ఉన్నాయి. అలాంటి కాల్ తర్వాత పది నిమిషాలు లేచి బయటికి వెళ్లే హక్కు, మాట్లాడడానికి ఒక మనిషి, ఆ కేసు ఏమైందో తెలుసుకునే దారి: ఇవి కూడా ప్రమాణాల్లో భాగమే అంటాను. ఇవి లేకుండా పరీక్షలు మాత్రం పెడితే, ఏదైనా జరిగినప్పుడు నెల జీతగాళ్లను బలివ్వడానికి ఒక కాగితం దొరుకుతుంది, అంతే.

మూడోది: సర్టిఫికెట్ అనగానే అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు లేస్తాయి. ఫీజులు కట్టలేని పిల్లలు బయటే ఉండిపోతారు. ఇప్పుడు ఈ హెడ్‌సెట్ల వెనక ఉన్నవాళ్లలో చాలామంది జిల్లాల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలు. పల్లె మాట, యాస అర్థం చేసుకునే చెవి వాళ్లకుంది. దాన్ని పోగొట్టుకోకూడదు. అందుకే శిక్షణ ఉద్యోగంలో చేరాక, జీతం ఇస్తూ, ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలి. డబ్బెక్కడిదని అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను: ఒక్కో బండి కొనడానికి ఎంత పెడుతున్నామో చూడండి. ఆ బండి చేరేలోపు మనిషిని బతికించి ఉంచే పనికి అందులో కొంత పెట్టలేమా?

మా గ్రూపులో ఇదంతా రాస్తే ఒక అంకుల్ "అమ్మా, ఇవన్నీ మనతో అవుతాయా" అన్నారు. కొడుకు మాత్రం ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. ఆమె మీద అరిచినందుకు బాధ లేదన్నాడు, కానీ నొక్కమని ఒక్క మాట చెప్పి ఉంటే చేసేవాడిని కదక్కా అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఇద్దరం కలిసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తున్నాం. కాల్ తీసుకునే కొత్త ఉద్యోగికి ఎన్ని గంటల శిక్షణ, అందులో ఫోన్లో సీపీఆర్ చేయించడం ఎన్ని గంటలు, తిరిగి పరీక్ష ఎప్పుడు, కాల్స్ విని తప్పులు సరిదిద్దేది ఎవరు, ఒక షిఫ్టులో ఎన్ని కాల్స్ తర్వాత విరామం, గత ఏడాదిలో ఎన్ని కాల్స్‌లో ఛాతీ నొక్కించారు అని అడుగుతున్నాం. ఉద్యోగుల పేర్లు అడగడం లేదు, వద్దని విడిగా రాశాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏమొచ్చినా, రాకపోయినా, ఇక్కడే రాస్తాను.